తొమ్మిదో క్లాస్‌కి డాలస్ దగ్గరి ఫ్రిస్కో వదిలి చిన్న ఊరి హైస్కూల్‌కి వెళ్లొచ్చా?

ఇద్దరు పిల్లల నాన్న:

అందరికీ నమస్తే. మా ఆవిడ డాక్టర్, హాస్పిటల్‌లో చేసే ట్రైనింగ్ (రెసిడెన్సీ) ఈ జూన్‌తో అయిపోతోంది. జె-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు ట్రైనింగ్ అయ్యాక స్వదేశానికి వెళ్లాలన్న షరతుకి మాఫీ ఉంది కదా, ఆ వేవర్ మీద వెస్ట్ టెక్సాస్‌లో ఒక చిన్న ఊరి హాస్పిటల్‌లో ఉద్యోగం ఖాయమైంది. లబ్బక్ నుంచి గంటన్నర డ్రైవ్. మూడేళ్లు అక్కడే పనిచేయాలి. నాది ఇంటి నుంచి చేసే పని కాబట్టి నాకు ఎక్కడైనా ఒకటే.

టెన్షనంతా పెద్దమ్మాయి గురించే. ఆగస్టులో తొమ్మిదిలోకి వస్తుంది. ఆ ఊళ్లో ఉన్నది ఒక్కటే పబ్లిక్ హైస్కూల్. ఊరి పిల్లలతో పాటు చుట్టుపక్కల పల్లెల నుంచి, రాంచుల నుంచి బస్సుల్లో వస్తారు. నాలుగు క్లాసులూ కలిపి రెండొందల యాభై మంది లోపే. కాలేజీ స్థాయివైన ఏపీ కోర్సులు రెండు. మా అమ్మాయి ఎనిమిదిలోనే జామెట్రీ చేస్తోంది, అక్కడికి వెళ్తే మ్యాథ్స్ ఎక్కడో ఆగిపోతుందని భయం. "మీరూ పిల్లలూ ఫ్రిస్కోలోనే ఉండండి, ఆవిడ వారం వారం వచ్చి పోతుంది" అని స్నేహితులందరూ ఒకటే మాట. అమ్మాయి మాత్రం అమ్మ ఎక్కడుంటే అక్కడే అంటోంది. ఇలాంటి ఊళ్లో పిల్లల్ని చదివించినవాళ్లు ఉంటే చెప్పండి.

చిన్న ఊరి అమ్మ:

మాదీ వేవర్ కథే అన్నయ్యా. మా వారు డాక్టర్, ఊరు కూడా అటువైపే. మా అమ్మాయి తొమ్మిది నుంచి పన్నెండు దాకా అలాంటి స్కూల్లోనే చదివింది. ముందే చెప్తున్నా, ఇంటిని రెండు ముక్కలు చేయకండి. మా వారు మొదటి ఆరు నెలలు ఒక్కరే అక్కడుండి శుక్రవారం రాత్రి ఐదు గంటలు డ్రైవ్ చేసి వచ్చేవారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గరే ఆయన మొహం మారిపోయేది. మా అమ్మాయి ఆరోజు కంచం ముందు నుంచి లేచి వెళ్లి కారు తాళాలు దాచేసింది. ఆ మర్నాడే అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాం.

ఇక స్కూల్ సంగతి. మొదటి ఆరు వారాలు చాలా కష్టంగా గడిచాయి. అక్కడి పిల్లలు కిండర్‌గార్టెన్ నుంచీ ఒకే గుంపు, వాళ్ల అమ్మానాన్నలు కూడా అదే స్కూల్లో చదివినవాళ్లు. మనమ్మాయిని ఎవరూ ఏమీ అనలేదు, కానీ లంచ్ టేబుల్ దగ్గర పిలిచినవాళ్లూ లేరు. మార్పు వచ్చింది నంబర్ సెన్స్ అనే లెక్కల పోటీ వల్ల. టెక్సాస్‌లో పబ్లిక్ స్కూళ్ల పోటీలు చాలావరకు యూఐఎల్ అనే సంస్థ నడుపుతుంది, 1910 నుంచీ ఉంది. పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్లని 1ఎ నుంచి 6ఎ దాకా విభజిస్తారు, అందుకని చిన్న స్కూల్ చిన్న స్కూల్‌తోనే పోటీపడుతుంది. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, లెక్కలకీ స్పెల్లింగ్‌కీ కూడా పోటీలుంటాయి. నంబర్ సెన్స్‌లో 80 లెక్కలు, పది నిమిషాలు. కాగితం మీద వేసి చూసుకోకూడదు, రాసింది చెరపకూడదు, మనసులోనే చేయాలి. ప్రతి పదో లెక్క పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది, దానికి ఉజ్జాయింపు జవాబు 5 శాతం తేడాలో ఉంటే చాలు. మా మావయ్య గారు వీడియో కాల్‌లో మా అమ్మాయి చేత పంతొమ్మిదో ఎక్కం దాకా వల్లె వేయించారు. మొదటి పోటీకి తెల్లవారుజామున ఐదున్నరకి బస్సు. నడిపింది వ్యవసాయం క్లాసు చెప్పే సారే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వెనక సీటు పిల్లలు దాన్ని పిలిచి మధ్యలో కూర్చోబెట్టుకున్నారట. ఆ రాత్రి ఇంటికొచ్చి ఎంతసేపు మాట్లాడిందో!

మ్యాథ్స్ గురించి మీ భయం నిజమే. జామెట్రీ ఎనిమిదిలో అయిపోతే ఆల్జీబ్రా టూ, ప్రీకాల్‌క్యులస్, కాల్‌క్యులస్ ఏబీ (ఏపీలో మొదటి కాల్‌క్యులస్ కోర్సు) వరుసగా చేసి పదకొండుకే అన్నీ అయిపోతాయి. మా అమ్మాయిదీ అదే. పన్నెండులో కమ్యూనిటీ కాలేజీ ద్వారా హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కయ్యే డ్యుయల్ క్రెడిట్ స్టాటిస్టిక్స్ తీసుకుంది, స్కూల్ లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని. టెక్సాస్ టెక్ యూనివర్సిటీ నడిపే ఆన్‌లైన్ స్కూల్ కూడా ఉంది, అదీ చూడండి. అయితే ఫిజిక్స్ టీచర్ జనవరిలో మానేస్తే మే దాకా సబ్‌స్టిట్యూట్‌తోనే నెట్టుకొచ్చారు. పెద్ద స్కూల్లో అయితే ఇంకొకరు ఉండేవారు. ఆ నష్టాన్ని మేం వేసవిలో ఇంట్లోనే పూడ్చుకున్నాం.

ఇంకో మాట. మీ వేవర్ మూడేళ్లు, హైస్కూల్ నాలుగేళ్లు. మూడేళ్లు కాగానే బయల్దేరితే అమ్మాయి పన్నెండో క్లాసు కొత్త స్కూల్లో పడుతుంది. మాకు హ్యూస్టన్‌లో ఆఫర్ వచ్చినా ఇంకో ఏడాది ఆగాం. ఆ నాలుగో ఏడాది లెక్కలోకి తీసుకునే వెళ్లండి.

వెస్ట్ టెక్సాస్ కుర్రాడు:

అంకుల్, నేను అలాంటి స్కూల్లోనే చదివాను. మా బ్యాచ్ 58 మంది. టెక్సాస్‌లో 1997 నుంచీ ఒక చట్టం ఉంది. క్లాసులో పై 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి) మాత్రం గీత ఇంకా పైన ఉంటుంది. మా అప్పుడు 6 శాతం, 2026లో చేరేవాళ్ల నుంచి 5 శాతం. నాది నాలుగో ర్యాంక్. 58లో 6 శాతం అంటే ముగ్గురే. ఒక్క ర్యాంక్‌లో యూటీ పోయింది, టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో చేరాను. చిన్న స్కూల్ అంటే ర్యాంక్ తేలిగ్గా వస్తుందని అందరూ అంటారు కానీ, పై ముగ్గురిలో ఉండాలంటే తొమ్మిదో క్లాసు మొదటి సెమిస్టర్ మార్కు కూడా లెక్కే. కాలేజీలో మొదటి సెమిస్టర్ నాకు చాలా కష్టమైంది, ఏబీ కన్నా పైదైన బీసీ కాల్‌క్యులస్ చేసొచ్చిన పిల్లల పక్కన కూర్చున్నాను. కానీ ప్రొఫెసర్ ఆఫీసుకి వెళ్లి నాకు రాదు అని అడగడానికి భయపడలేదు. మా స్కూల్లో టీచర్లందరి దగ్గరికీ అలాగే వెళ్లేవాళ్లం.

లెక్కల టీచరమ్మ:

నేను టెక్సాస్‌లోనే ఇంకో చిన్న డిస్ట్రిక్ట్‌లో మ్యాథ్స్ చెప్తున్నాను. వెళ్లేముందు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. కోర్సుల క్యాటలాగ్ చూసి మోసపోకండి అన్నగారూ. అందులో ఉన్న కోర్సులన్నీ ప్రతి ఏడాదీ నడవవు, చేరే పిల్లలు లేకపోతే తీసేస్తారు. "ఈ ఏడాది నిజంగా నడుస్తున్నవి ఏవి" అని అడిగి మాస్టర్ షెడ్యూల్ చూపించమనండి. ర్యాంక్ లెక్కలో ఏపీకి, డ్యుయల్ క్రెడిట్‌కి ఎంత వెయిట్ ఇస్తారో, మీ అమ్మాయి ఎనిమిదిలోపు చేసిన ఆల్జీబ్రా వన్, జామెట్రీ మార్కులు జీపీఏలో కలుపుతారో లేదో కూడా అడగండి. ఇవి ఒక్కో డిస్ట్రిక్ట్‌లో ఒక్కోలా ఉంటాయి. ఆటోమేటిక్ అడ్మిషన్ అంటే యూనివర్సిటీలో సీటే, కోరిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కాదు. కంప్యూటర్ సైన్స్ కావాలంటే దానికి మళ్లీ విడిగా పోటీ ఉంటుంది, ఇది చాలామందికి పన్నెండో క్లాసులో గానీ తెలియదు.

ఇద్దరు పిల్లల నాన్న:

అందరికీ చాలా థాంక్స్. కారు తాళాల సంగతి చదివి మా ఆవిడ ఏడ్చేసింది. కలిసే వెళ్తున్నాం. శుక్రవారం కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్, టీచరమ్మ గారి ప్రశ్నలన్నీ రాసుకున్నాను. చెల్లెమ్మా, ఒక్కటి అడగాలి. ఆ నంబర్ సెన్స్ పాత పేపర్లు ఎక్కడ దొరుకుతాయి? మా అమ్మాయి నిన్న రాత్రి నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చుంది.

చిన్న ఊరి అమ్మ:

మా అమ్మాయి ఫైల్ ఇంట్లోనే ఉంది అన్నయ్యా, నాలుగేళ్లవీ. అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి, పోస్టులో పంపిస్తాను.