నాన్న దగ్గితే ఇల్లు అదురుతుంది, అమ్మ దగ్గితే కళ్లె కూడా తెగదు. ఎందుకు?

ప్రశ్న:
పది రోజులుగా అమ్మకీ నాన్నకీ జలుబు, దగ్గు. నాన్నకు 71, అమ్మకు 66. నాన్న ఖంగుమని ఒక్కసారి దగ్గితే పక్క గదిలో ఉన్న నేను ఉలిక్కిపడతాను, ఆ దెబ్బకి కళ్లె తెగి పడుతుంది. అమ్మ మాత్రం గొంతు దగ్గరే ఖుఖ్ ఖుఖ్ అని ఇరవై సార్లు దగ్గినా లోపల గరగర అలాగే ఉంటుంది. పడుకుంటే ఇంకా ఇబ్బంది. డాక్టర్ చూశారు, ఛాతీలో నిమ్ము లేదన్నారు, మందులు వాడుతున్నాం. ఆడవాళ్ల దగ్గుకు బలం సహజంగానే తక్కువా, లేక అమ్మ నీరసించిపోయిందా? నాన్న ఆరడుగులకు దగ్గర, అమ్మ అయిదడుగులు కూడా ఉండదు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నేను ఫిజియోథెరపిస్టునండి. రోజంతా మనుషుల చేత దగ్గించడమే నా పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దగ్గులో మూడు ఘట్టాలుంటాయి. ముందు గుండెల నిండా గాలి పీలుస్తాం. తర్వాత స్వరతంతువులు మూసుకుంటాయి, సుమారు 0.2 సెకను. ఆ కాస్త సేపట్లోనే పొట్ట, డొక్కల కండరాలు బిగిసి లోపల ఒత్తిడి పెంచుతాయి. ఆ తర్వాత గొంతు ఠక్కున తెరుచుకుని గాలి తన్నుకొస్తుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా దగ్గు తేలిపోతుంది.

మగవాళ్లకు సగటున ఊపిరితిత్తులు పెద్దవి, గాలిని బయటికి నెట్టే కండరాల బలమూ ఎక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల్లో పట్టే గాలి కూడా పెరుగుతుంది. కాబట్టి మీ నాన్నగారికీ అమ్మగారికీ తేడా ఉండటం మామూలే. కానీ అది సగటు మాట. మంచాన పడి కండ కరిగిన ఆరడుగుల మగాడికంటే రోజూ నడిచే పొట్టి ఆవిడ గట్టిగా దగ్గడం నేను చూశాను. ఇంకో సంగతి, ఆడవాళ్లకు దగ్గు త్వరగా వస్తుంది, వాళ్ల దగ్గు రిఫ్లెక్స్ ఎక్కువ సున్నితం. దగ్గు త్వరగా రావడం వేరు, బలంగా రావడం వేరు.

వెన్నుపాము దెబ్బతిన్న ఒక కుర్రాడు మా దగ్గర ఉండేవాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే, కానీ పొట్ట కండరాలు పనిచేయవు. అతను దగ్గితే నిట్టూర్చినట్టే వినిపించేది. డొక్కల కింద నా రెండు అరచేతులూ పెట్టి, అతను దగ్గబోయే క్షణానికి సరిగ్గా లోపలికీ పైకీ నొక్కితే కళ్లె బయటికొచ్చేది. దగ్గుకు పొట్ట ఎంత ముఖ్యమో నాకు నేర్పింది అతనే. ఇది చూశామని ఇంట్లో ఎవరూ సొంతంగా నొక్కకండి.

దగ్గు బలాన్ని కొలవొచ్చు కూడా. మాస్కుకు పీక్ ఫ్లో మీటర్, అంటే గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో కొలిచే సాధనం, తగిలించి అందులోకి దగ్గిస్తాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సాధారణంగా నిమిషానికి 360 లీటర్లకు పైన వస్తుంది. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లకు 270 కంటే తగ్గితే జాగ్రత్తపడతాం. 160 కంటే తగ్గితే కళ్లె సొంతంగా తీసుకోలేరనే లెక్క.

మీరు ఇప్పుడే ఒకటి చేయండి. అమ్మగారు దగ్గేటప్పుడు ఆవిడ పొట్ట మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి. పొట్ట గట్టిపడి కదులుతోందా? లేదంటే ఆవిడ గొంతుతోనే దగ్గుతున్నట్టు. అప్పుడు కాళ్లు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి, పడుకుని దగ్గితే బలం రాదు. నిదానంగా గాలి నిండా పీల్చి, క్షణం ఆపి, కాస్త ముందుకు వంగి రెండుసార్లు దగ్గమనండి. ఆయాసం, కళ్లెలో రక్తం, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జవాబు 2:
చెల్లీ, అమ్మను ఒంటరిగా ఉన్నప్పుడు ఒక మాట అడుగు. గట్టిగా దగ్గితే మూత్రం పడిపోతుందని భయపడుతోందేమో. రెండో కాన్పు తర్వాత నాకు ఏళ్ల తరబడి అదే బాధ. నలుగురిలో దగ్గొస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకుని గొంతులోనే నొక్కేసుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. దగ్గబోయే ముందు కింది కండరాలను, అంటే మూత్రం ఆపుకునేటప్పుడు బిగించేవాటిని, లోపలికి లాగి పట్టుకోవడం ఒక ఫిజియో అమ్మాయి నేర్పింది. నెలల తరబడి సాధన చేశాక మార్పు కనిపించింది.

జవాబు 1:
ఈ మాట నేను ముందే రాయాల్సింది. చాలా థ్యాంక్సండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, మీరన్నదే నిజం. అడిగితే చాలాసేపు తల దించుకుని కూర్చుంది, తర్వాత మూడేళ్లుగా ఉందని చెప్పింది. అంతకుముందు పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను, అసలు కదల్లేదు. ప్యాడ్ పెట్టుకోమని, తలుపు వేసి, కుర్చీలో కూర్చోబెట్టాను. దిండు పొట్టకు హత్తుకుని మూడుసార్లు గాలి పీల్చింది. రెండో దగ్గుకి నాన్న బయటినుంచి "ఎవరు దగ్గింది?" అని అడిగారు. గరగర సగానికి తగ్గింది. సోమవారం అమ్మను లేడీ డాక్టర్‌కి చూపిస్తున్నాను.