హిఫ్జ్ (ఖురాన్ కంఠతా పట్టడం) కోసం బడి మాన్పించొచ్చా? బాబుకి పదేళ్లు, విజయనగరం

కంటోన్మెంట్ నాన్న:
బాబు ఐదు పూర్తిచేశాడు, ఇంగ్లీష్ మీడియం. మా మావగారు వాడ్ని హాస్టల్ మదర్సాలో హిఫ్జ్‌కి వేసేద్దాం, మూడేళ్లలో ఖురాన్ కంఠతా వచ్చేస్తే ఇంటికే బరకత్ అంటున్నారు. మా ఆవిడేమో తిరిగొచ్చాక ఎనిమిదిలో కూర్చోబెడితే వాడికి ఏం ఎక్కుతుంది అని రెండ్రోజులుగా నాతో మాట్లాడ్డమే మానేసింది. నాకు రెండూ కావాలి. వాడ్ని అడిగితే "అక్కడ క్రికెట్ ఉంటుందా" అన్నాడు, అంతే. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సిక్కోలు హాఫిజ్:
అన్నా నేను చేశాను, ఇప్పుడు శ్రీకాకుళంలో మెడికల్ షాపులో లెక్కలు రాస్తున్నా. ఫజర్ అంటే తెల్లారుజాము నమాజ్ అయ్యాక రెహల్ (ఖురాన్ పెట్టుకునే చెక్క స్టాండ్) ముందు కూర్చుని సబక్ అంటే కొత్త పాఠం, తర్వాత సబకీ అంటే ఈమధ్య చెప్పిన పాఠాలు, మధ్యాహ్నం మంజిల్ అంటే పాత పారా (ఖురాన్‌లో ముప్పయ్యో వంతు) మళ్లీ అప్పజెప్పాలి, తప్పొస్తే హజ్రత్ (మా గురువుగారు) పేజీ మొదట్నించీ చెప్పించేవారు. 30 పారాలు అలాగే ఎక్కాయి, ఇప్పటికీ రంజాన్‌లో తరావీహ్ అంటే రాత్రి నమాజ్ చదివిస్తా, ఆ సంతోషం వేరు. కానీ అర్థం ఎవరూ చెప్పలేదు, భిన్నాలు పూర్తిగా పోయాయి. 16 ఏళ్లకి ఓపెన్ స్కూల్లో పది కట్టినప్పుడు మా చెల్లి ఏడో తరగతి లెక్కల పుస్తకం తీసి నేర్పింది, సిగ్గుతో చచ్చాను.

చరిత్ర పిచ్చోడు:
ఇది మీ ఒక్క ఇంటి గొడవే కాదండి. టర్కీ 1924లో మదర్సాలు మూసేసింది, మరి నమాజ్ చదివించే ఇమామ్‌లు కావాలి కదా, అందుకు ఇమామ్ హతీప్ అనే ప్రభుత్వ స్కూళ్లు పెట్టుకుంది, 1997లో వాటి మిడిల్ సెక్షన్ ఎత్తేసి 2012లో మళ్లీ తెరిచింది. ఇండోనేషియా తెలివైన పని చేసింది, 1975లో ముగ్గురు మంత్రులు కలిసి ఉత్తర్వు ఇచ్చి మదర్సాల్లో మామూలు సబ్జెక్టులు పెంచి సర్టిఫికెట్‌ని బడి సర్టిఫికెట్‌తో సమానం చేశారు. మన దగ్గరేమో 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు యూపీ మదర్సా చట్టాన్ని నిలబెట్టి, కామిల్, ఫాజిల్ అనే డిగ్రీ, పీజీ స్థాయి పట్టాలు మాత్రం ఇవ్వకూడదంది. ఇంకోటి, ముస్లిం పిల్లలంతా మదర్సాలకే పోతారనుకుంటారు గానీ ముస్లింల స్థితిగతులపై 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు ప్రకారం నూటికి ముగ్గురో నలుగురో.

కంటోన్మెంట్ నాన్న:
బ్రదర్ టర్కీ సంగతి బావుంది, మా వాడి సంగతి చెప్పండి 😅

లెక్కల మాస్టారు:
నాను గవర్నమెంట్ బళ్లో లెక్కలు సెప్తాను బావు. ఆరు, ఏడు తరగతులు పోతే గుంటడు బీజగణితం కాడ ఆగిపోతాడు, అది నిజమే. అయితే ఖురాన్ నేర్సినోళ్లకి జ్ఞాపకం గట్టిది, రోజుకో గంట లెక్కలు సెప్పించే మదర్సా అయితే భయం లేదు. ఎల్లి అడగండి, 14 నిండాక ఓపెన్ టెన్త్ కట్టిస్తారా లేదా అని, నోటి మాట కాదు, ముందు కట్టించిన పిల్లల మార్కుల మెమోలు సూపమనండి.

కొత్తపేట అక్క:
మా పాప బడి మానలేదు, మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే నమాజ్) తర్వాత గంట మక్తబ్, అంటే మసీదు దగ్గర ఖురాన్ క్లాసు. అమ్మపారా అంటే ఖురాన్‌లో ఆఖరి పారా, దాని 37 సూరాలకీ (అధ్యాయాలకీ) ఏడాదిన్నర పట్టింది. నెమ్మదే, కానీ మావగారికి ఇది చూపించండి, ముందు ఒక పారా చేసి చూద్దాం అంటే ఒప్పుకుంటారేమో. మీ ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టి మాట్లాడండి తమ్ముడూ.

సిక్కోలు హాఫిజ్:
క్రికెట్ గురించి ఎవరూ చెప్పలేదు. మాకు అసర్ (సాయంత్రం నమాజ్) నుంచి మగ్రిబ్ దాకా వదిలేవారు, టెన్నిస్ బాల్‌తో ఆడేవాళ్లం, టోపీలే వికెట్లు.