మా ఊళ్లో వేయడానికి కట్టడాల మీద డాక్యుమెంటరీలు చెప్పండి

కావలి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు మాది. కమ్యూనిటీ హాలు కడదామని చందాలు పోగవుతున్నాయి. మేస్త్రీ గీసిన ప్లానులో నాలుగు గోడలు, పైన శ్లాబు, ముందు అద్దాలు, అంతే. మే నెలలో ఆ శ్లాబు కింద ఎవరు కూర్చుంటారో ఆయనే చెప్పాలి. ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే జాగా కూడా అందులోనే పోతుంది. వాళ్లనైతే ఎవరూ అడగలేదు.

అందుకే పునాది తియ్యకముందే గుడి ముందు తెర కట్టి రెండు మూడు డాక్యుమెంటరీలు వేద్దామని ఉంది. కేరళలో తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ మీద ఆయన మనవడు తీసిన 'అన్‌కామన్ సెన్స్' ఒకటి అనుకున్నాను. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టే 'ర్యాట్ ట్రాప్' గోడల్ని మన దగ్గర బాగా వాడుకలోకి తెచ్చింది బేకరే. ఇటుక తక్కువ పడుతుంది, లోపల వేడీ తగ్గుతుంది. రెండోది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదల కోసం ప్రభుత్వం 33 భవనాలు కట్టి, 1972 నుంచి కూల్చుకుంటూ పోయిన ప్రూయిట్-ఐగో కథ. 2011లో వచ్చింది. కానీ అంతా ఇంగ్లీషు మాటలే, మావాళ్లు పది నిమిషాల్లో లేచిపోతారు.

తుపాను తీరాల్లో ఊరివాళ్లే కలిసి కట్టుకున్న వాటి మీద తెలుగులో గానీ, మాటలు తక్కువగా గానీ ఏమైనా ఉన్నాయా? గంట లోపు అయితే మేలు. టికెట్ లేకుండా వేసినా తీసినవాళ్ల అనుమతి కావాలా? పక్కన మైకు పట్టుకుని తెలుగులో చెబుతుంటే జనం కూర్చుంటారా? ఎవరైనా అలా చేసి ఉంటే చెప్పండి.