గట్టు: కొండా, కట్టా?

గద్వాల మిత్రుడి ప్రశ్న: "మా వైపు గట్టు అంటే కొండ. కోనసీమవాళ్లేమో కాలువ పక్కన నిలబడి గట్టు మీద ఉన్నామంటారు. ఏది సరైన అర్థం?"

రెండూ సరైనవేనండీ. కావ్యభాషలో పార్వతిని గట్టురాచూలి అన్నారు, అంటే పర్వతరాజు బిడ్డ. మీ జిల్లాలో గట్టు పేరుతో ఒక మండలమే ఉంది కదా. మా డెల్టా నేలంతా ఒండ్రు. ఎత్తుగా కనిపించేవి ఏటిగట్టు, కాలువగట్టు, చెరువుగట్టు, చేనిగట్టు. అందుకే మాకు గట్టు అంటే ఇవే, కొండను కొండే అంటాం.

ఈ రెండు అర్థాలూ ఒక్కచోట చూడాలంటే ధవళేశ్వరం రండి. డెల్టా మొదలయ్యేది అక్కడే. జనార్దనస్వామి గుడి ఉన్న కొండ, దాని కింద ఊరు, పక్కనే గోదావరి. రాయి అంత దగ్గరలో దొరకడం కాటన్‌కు బాగా కలిసొచ్చింది. 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి, అక్కడి కొండల్లో రాయి కొట్టించి, పట్టాలు వేయించి ఏటికి తరలించాడు. 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా ఆనకట్ట లేచింది. మీ గట్టును తవ్వి మా గట్టు వేశారన్నమాట!

ఇప్పుడా ఊరు రాజమహేంద్రవరంలో కలిసిపోయినట్టే ఉంటుంది. నగరం ఎక్కడ ఆగిందో, ఊరు ఎక్కడ మొదలైందో ఇళ్లను చూసి చెప్పలేం. పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. కొత్తగా స్థిరపడినవాళ్లు గట్టును "బండ్" అంటుంటే నాకు బాధగా ఉంటుంది. ఇంత చక్కని మాట నోటిదాకా ఉండగా ఆ అరువు ఎందుకు?

లంక గ్రామాల సభ్యురాలు: "గట్టెక్కడం మరిచిపోయారు! కష్టం నుంచి బయటపడటమని అందరికీ తెలుసు. మాకు మాత్రం అది వరదలో నిజంగా చేసే పని. 1986 వరదప్పుడు గొడ్డూగోదాతో ఏటిగట్టు ఎక్కినవాళ్లు మా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు."

చాలా బాగా గుర్తుచేశారమ్మా. నిఘంటువు ఇచ్చే అర్థం కంటే మీ వాడుకే ముందు చెప్పాల్సింది. గద్వాల మిత్రమా, మరి మీ దగ్గర చేనిగట్టును ఏమంటారు? రాయలసీమలో గెనిమ అంటారు. మీదీ అదేనా, వేరే మాట ఉందా?