ఎయిర్‌లూమ్‌లో ఉన్నది మగ్గమేనా?

ప్రశ్న:
పట్టుచీరల ప్రకటనల్లో ఈమధ్య ‘ఎయిర్‌లూమ్ కంచిపట్టు’ అని తెగ కనబడుతోంది. లూమ్ అంటే మగ్గం కదా, చేతిమగ్గం మీద నేసిన చీర అయ్యుంటుందని అనుకున్నాను. మా అమ్మాయి కాదంటోంది, తరతరాలుగా ఇంట్లో ఉండే వస్తువని అర్థమట. అలాగైతే మధ్యలో మగ్గం ఎందుకొచ్చింది? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
మీ అమ్మాయి చెప్పిందే సరైనదండీ. ఎయిర్ అంటే వారసుడు. లూమ్ అంటే పాత ఇంగ్లీషులో పనిముట్టు, అది ఏ పనిముట్టైనా సరే. పోనుపోను ఆ మాట నేతగాడి దగ్గరే మిగిలిపోయి మగ్గం అయింది. ఎయిర్‌లూమ్‌లో మాత్రం పాత అర్థమే నిలిచిపోయింది. అంటే వారసుడికి చేరే పనిముట్టన్నమాట.

ఇంతటితో ఆపితే ఒక అపోహ మిగిలిపోతుంది కాబట్టి ఇంకొంచెం రాస్తాను. ఈ పేరు చూస్తే, కమ్మరి పోతే దాగలీ సమ్మెటా, వడ్రంగి పోతే ఉలీ రంపమూ తిన్నగా పెద్దకొడుక్కి వెళ్లేవని అనిపిస్తుంది. 16, 17 శతాబ్దాల ఇంగ్లండులో పద్ధతి అలా లేదు. పెద్దకొడుకుదే అంతా అన్న నియమం భూమికి, సొంత ఇంటికి సంబంధించింది. కదిలే వస్తువులకి అది వర్తించదు. వీలునామా రాసి ఉంటే అవి అందులో ఎవరి పేరుంటే వాళ్లకి వెళ్తాయి.

చట్టం దృష్టిలో ఎయిర్‌లూమ్ అంటే ఈ నియమానికి మినహాయింపు. వస్తువు కదిలేదే అయినా, ఊరి ఆచారాన్ని బట్టి ఇంటితో పాటు వారసుడికే పోయేది. 1628లో అచ్చయిన తన న్యాయ వ్యాఖ్యానంలో ఎడ్వర్డ్ కోక్ అనే ఇంగ్లీషు న్యాయకోవిదుడు ఇలాంటివాటికి ఉదాహరణలిస్తూ ఇంట్లోకెల్లా మంచి మంచం, బల్ల, కుండ, పెనం, బండి అని చెబుతాడు. పేరులో పనిముట్టుంది గానీ, జాబితాలో ముందున్నది మంచం.

మరి అసలు పనిముట్లు ఎవరికి వెళ్లేవి? చేతివృత్తుల వాళ్లలో చాలామందికి చెప్పుకోదగ్గ భూమి ఉండదు. దుకాణం ఉన్న ఇల్లు కూడా తరచూ లీజుదే, ఆ లీజుని కూడా చట్టం చరాస్తి కిందే లెక్కవేసేది. సరుకు, పనిముట్లు, రావలసిన బాకీలు, లీజు, ఇంటి సామాను. ఒక తోళ్ల వర్తకుడికైనా కంసాలికైనా ఆస్తి అంటే చాలావరకు ఇవే. కాబట్టి ప్రభువుల కుటుంబాల కథలు చదివి ‘ఇంగ్లీషువాళ్లలో అంతా పెద్దకొడుక్కే’ అనుకుంటే పొరపాటు. దుకాణదారుడి ఇంట్లో ఎవరికేం దక్కాలో తేల్చింది వీలునామా, ఊరి ఆచారం, వృత్తి సంఘం.

లండన్ ఆచారం చూడండి. నగర పౌరహక్కున్న (అంటే ఆ నగరంలో దుకాణం పెట్టుకునే హక్కున్న) వర్తకుడు భార్యాపిల్లల్ని వదిలి పోతే, అప్పులు తీర్చాక మిగిలిన చరాస్తిని మూడు వాటాలు వేసేవారు. ఒకటి భార్యకి, ఒకటి పిల్లలందరికీ సమానంగా. మూడోది మాత్రమే ఆయన ఇష్టానుసారం రాసుకోవచ్చు. ఆ మూడో వాటాని వాళ్లు ‘చచ్చినవాడి వాటా’ అనే పిలిచేవారు. ఇది కాక, భార్యకి ఒంటిమీద బట్టలూ పడకగది సామానూ విడిగా దక్కేవి, దాన్ని ‘విధవరాలి గది’ అనేవారు. ఒకడి వీలునామాలో భార్య పేరు కింద నాలుగు వస్తువులే కనబడ్డాయంటే, ఆమెకి దక్కింది అంతేనని అర్థం కాదు. ఆచారం ఇచ్చేది ఎలాగూ వస్తుంది కాబట్టి రాయలేదంతే. ఈ ఆచారం 1725 వరకూ నడిచింది. ఆ ఏడాది నుంచి కొత్తగా పౌరహక్కు పొందినవాళ్లకి మొత్తం ఆస్తినీ నచ్చినట్టు రాసుకునే స్వేచ్ఛ వచ్చింది.

తండ్రి పోయేనాటికి పిల్లలు మైనర్లయితే లండన్ మేయరూ ఆల్డర్మన్లూ (నగర పాలక పెద్దలు) కలిసి నడిపే అనాథల కోర్టు వాళ్ల వాటాకి కాపలా ఉండేది. తల్లి బతికున్నా సరే, తండ్రి లేకపోతే ఆ కోర్టు లెక్కలో అనాథే. పిల్లల డబ్బుకి హామీదారుల్నైనా చూపించాలి, లేదా నగర ఖజానాలోనైనా జమ చేయాలి. బాగా ఆలోచించి పెట్టిన ఏర్పాటే. కానీ నగరం ఆ డబ్బుని సొంత అవసరాలకి వాడుకుంటూ పోయి, 1680ల్లో తిరిగి ఇవ్వలేక చేతులెత్తేసింది. 1694లో పార్లమెంటు చట్టం చేస్తే గానీ అది ఒక కొలిక్కి రాలేదు. తండ్రి కష్టార్జితం భద్రంగా ఉందని నమ్మిన పిల్లలకి అంతకంటే అన్యాయం ఏముంటుంది?

ప్రశ్న:
బావుందండీ. అయితే పనిముట్లు నిజంగా ఫలానావాడికని రాసిన వీలునామాలు ఉన్నాయా? అవి కొడుక్కేనా, ఇంకెవరికైనా ఇచ్చేవారా?

జవాబు:
ఉన్నాయండీ. నాకు బాగా ఇష్టమైనది ఒకటి చెబుతాను. ఆగస్టీన్ ఫిలిప్స్ అని షేక్స్‌పియర్ బృందంలోనే నటుడు. నటుడే గానీ, ఇద్దరు కుర్రాళ్లని అప్రెంటిస్‌లుగా పెట్టుకుని పని నేర్పినవాడు, ఆ లెక్కన చేతివృత్తివాడిలాగే బతికాడు. 1605 మే నెలలో వీలునామా రాసి, కొద్ది రోజులకే పోయాడు. అందులో పని నేర్చుకుని వెళ్లిన ఒక శిష్యుడికి 40 షిల్లింగులు, ఎలుకరంగు మఖమల్ లాగు, తెల్ల పట్టు కోటు, నల్ల పట్టు దుస్తులు, భుజాల మీద కప్పుకునే ఊదారంగు వస్త్రం, కత్తి, బాకు, ఒక పెద్ద తీగవాద్యం ఇచ్చాడు. ఇంకా నేర్చుకుంటున్న రెండోవాడికి 40 షిల్లింగులూ సిటర్న్, బాండోర్, ల్యూట్ అనే మూడు వాద్యాలూ. అవి కూడా అప్రెంటిస్ గడువు పూర్తయ్యాకే ఇవ్వాలని రాశాడు. నటుడికి దుస్తులూ వాద్యాలే కదా పనిముట్లు. ఎవరి చేతిలో పడితే అవి పనికొస్తాయో వాళ్లకే ఇచ్చాడు. ఆ జాబితా చదువుతుంటే, మంచం మీద పడుకుని రంగు రంగునీ గుర్తు చేసుకుంటూ చెప్పి రాయించిన మనిషి కళ్లముందు మెదులుతాడు.

అదే వీలునామాలో భార్య మీద ఒక షరతుంది. అమలు బాధ్యత ఆమెదే, కానీ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ బాధ్యత జాన్ హెమింజెస్, రిచర్డ్ బర్బేజ్ మొదలైన తోటివాళ్లకి పోవాలి. ఆమె పెళ్లి చేసుకుంది, 1607లో హెమింజెస్ ఆ బాధ్యత తీసుకున్నాడు. ఇలాంటి షరతులు ఆనాటి వీలునామాల్లో బాగానే కనబడతాయి. చూడగానే మగవాడి అసూయ అనిపించొచ్చు. అసలు కారణం చట్టంలో ఉంది. పెళ్లయిన ఆడదాని చరాస్తి మొత్తం ఆనాటి చట్టం ప్రకారం మొగుడిదే. విధవరాలు మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త సంపాదన కొత్తవాడి చేతికి పోతుంది, మొదటి భర్త పిల్లలు నోరు కొట్టుకోవలసిందే. ఆ చట్టం తప్పు. తండ్రి భయం మాత్రం ఉత్తిది కాదు.

ఇంకొక మాట. వృత్తి చేసుకునే హక్కు కూడా ఆస్తే. లండన్‌లో దుకాణం పెట్టాలంటే నగర పౌరహక్కు కావాలి. ఏదో ఒక వృత్తి సంఘం ద్వారా, ఏడేళ్లు అప్రెంటిస్‌గా పనిచేసైనా, డబ్బు కట్టైనా దాన్ని సంపాదించాలి. తండ్రికి ఆ హక్కు వచ్చాక పుట్టిన పిల్లలకి పుట్టుక వల్లే వస్తుంది. అందుకే ఒక సంఘంలో సభ్యుడైన మనిషి ఆ సంఘం పేరున్న పనే చేసేవాడని నమ్మకం లేదు. పైన చెప్పిన హెమింజెస్ కిరాణా వర్తకుల సంఘం సభ్యుడు, బతుకంతా నాటకశాలలోనే. విధవరాలికి సైతం చాలా సంఘాలు భర్త దుకాణం నడుపుకునే వీలిచ్చాయి. పుస్తకాలు అచ్చువేసేవాళ్ల సంఘంలో భర్త పోయాక ముద్రణాలయం నడిపిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు.

ప్రశ్న:
మంచం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా మాస్టారూ. షేక్స్‌పియర్ భార్యకి ‘రెండో మంచి మంచం’ మాత్రమే ఇచ్చాడని, ఆమెంటే గిట్టదని కాలేజీలో చెప్పారు. నిజమేనా?

జవాబు:
గిట్టదని ఆ ఒక్క వాక్యం బట్టి తేల్చలేం తమ్ముడూ. ఆయన చేతితొడుగులు కుట్టి అమ్మే వర్తకుడి కొడుకు. వీలునామా 1616 మార్చి 25 నాటిది, ఏప్రిల్ 23న పోయాడు. మూడు కాగితాలున్న ఆ పత్రంలో ఈ మంచం మాట వరసల మధ్య ఇరికించి రాసి ఉంటుంది. పూర్తి వాక్యం ‘నా రెండో మంచి మంచం, దాని సామానుతో సహా’ అని. సామాను అంటే పరుపు, దిండ్లు, దుప్పట్లు, చుట్టూ కట్టే తెరలు. తెలుగులో దీన్ని ఉత్త మంచం అని రాస్తే నులకమంచం గుర్తొస్తుంది. పందిరిమంచం అనాలి. మనిషి పోయాక పొరుగువాళ్లు ఇద్దరు ముగ్గురు ఇంట్లో గది గదికీ తిరిగి ప్రతి వస్తువుకీ ధర కట్టి రాసేవారు. 1529 నాటి చట్టం ప్రకారం అది తప్పనిసరి. ఆ జాబితాలు చూస్తే చాలా ఇళ్లల్లో సామానన్నిటిలోకీ ఖరీదైనది తెరలూ పరుపూ ఉన్న పడకే. మనవాళ్లు ఆడపిల్ల సారెలో మంచం పరుపూ పెట్టి ఎంత గొప్పగా చెప్పుకుంటారో, అక్కడి తల్లిదండ్రులు వీలునామాలో అంత పట్టింపుగా రాసేవారు.

మంచి మంచం ఎవరికన్నది ఆయన రాయలేదు. ఇల్లూ సామానూ చాలావరకు పెద్దకూతురు సుసానాకి, అల్లుడికి వెళ్లాయి. కోక్ చెప్పిన ఆచారం గుర్తుందా? ఆ మంచం ఇంటితో పాటు పోయేదై ఉండొచ్చు, అతిథుల గదిలోదై ఉండొచ్చు. ఆయన స్ట్రాట్‌ఫోర్డ్ అనే వేరే ఊరి మనిషి కాబట్టి లండన్ మూడు వాటాల ఆచారం వర్తించదు. భూమిలో మూడోవంతు మీద భార్యకి జీవితాంతం హక్కుండేది గానీ, 1613లో లండన్‌లో కొన్న ఇంటిని ముగ్గురు ధర్మకర్తలతో కలిపి కొన్నాడు, అలా కొంటే ఆ హక్కు ఆ ఇంటికి తగలదు. కావాలనే చేశాడా అన్నదాని మీద పండితులు ఈనాటికీ ఒకమాట మీద లేరు. నా మట్టుకు నాకు, ఆ రెండో మంచి మంచం భార్యాభర్తలిద్దరూ పడుకున్నదే అన్న మాట సబబుగా తోస్తుంది.

ప్రశ్న:
చివరిగా ఒక్కటి. మన ‘వీలునామా’లో వీలు అంటే మన వీలేనా, ఇంగ్లీషు విల్లా?

జవాబు:
ఇంగ్లీషు విల్లుకి పారసీ నామా చేర్చిన మాటండీ. మన వీలుకి దగ్గరగా ఉండటంతో నోట్లో సులువుగా కుదురుకుంది. వస్తువు కూడా మాటతో పాటే వచ్చింది. మితాక్షర అనే హిందూ వారసత్వ పద్ధతిలో పిత్రార్జితం మీద కొడుకులకి పుట్టుకతోనే హక్కుండేది, తండ్రి దాన్ని కాగితం మీద ఒకరికి రాసిచ్చే ప్రసక్తే ఉండేది కాదు. 1726 నాటి రాజశాసనంతో ఏర్పడిన మద్రాసు మేయర్ కోర్టుకి వీలునామాలు ఖాయపరిచే అధికారం వచ్చింది. 1870లో హిందువుల వీలునామాలకి విడిగా చట్టమే చేశారు, అది మొదట మద్రాసు లాంటి నగరాలకీ బెంగాలు ప్రాంతానికీ వర్తించింది. కోర్టు కాగితాల్లో మరణశాసనం అని కూడా రాస్తారు. మా ఊళ్లో మాత్రం ఎవరూ ఆ మాట అనరు, అందరికీ వీలునామాయే.