మీరు మనసు పారేసుకున్న రేసు కారు ఏది?

పాతటైరు: చిన్నప్పుడు నా గది గోడ మీద ఒకటే బొమ్మ ఉండేది, 1967 నాటి ఫెరారీ 330 పీ4. దాని ఒళ్ళు ముందు చక్రం మీద ఉబ్బి, తలుపు దగ్గర నడుములా సన్నబడి, వెనక చక్రం మీద మళ్ళీ లేస్తుంది. ఆ ఏడాది డేటోనా 24 గంటల రేసులో మొదటి మూడు స్థానాలూ ఫెరారీలవే. నా ఓటు పీ4కే. మీదేంటి? ఉత్త పేరు కాదు, ఎందుకో కూడా రాయండి.

నల్లబంగారం: లోటస్ 79. 1978లో మారియో ఆండ్రెట్టి ఫార్ములా వన్ (ఎఫ్1) ఛాంపియన్ అయిన కారు. పక్క భాగాల అడుగును తిరగేసిన విమానం రెక్కలా మలిచారు. కింద గాలి వేగంగా పోయేకొద్దీ పీడనం తగ్గి, కారు రోడ్డుకు అతుక్కుంటుంది. పక్కల నుంచి గాలి చొరబడకుండా స్కర్టులు, అంటే అంచుల్లో రోడ్డు దాకా దిగే పలకలు. అందుకే పైన అంత శుభ్రంగా, ఒంటికి పట్టినట్టు ఉంటుంది. దీని చిన్న మోడల్ ఒకటి నేనే కట్టాను. నలుపు మీద బంగారు గీత అంటిస్తుంటే ఒకచోట వెంట్రుకవాసి వంకర పోయింది. ఇక కళ్ళు అక్కడికే పోతున్నాయి! పీకేసి మళ్ళీ అంటించేదాకా నిద్ర పట్టలేదు.

మూడోగేరు: జోర్డాన్ 191. ఆ ఆకుపచ్చ చాలు. 1991లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద షుమాకర్ తొలి ఎఫ్1 రేసు దాంట్లోనే. క్లచ్ పోయి మొదటి ల్యాప్‌లోనే ఆగిపోయాడు, అయినా ఆ కారు ఇంకా కళ్ళలోనే ఉంది.

గాలివాటం: పోర్షే 917, అదీ పొట్టి తోకది. 1969లో వచ్చిన మొదటి రూపం వేగం పెరిగితే చాలు అటూ ఇటూ ఊగేది, నడిపేవాళ్ళకు ఒకటే టెన్షన్. ఆ శరత్కాలంలో ఆస్ట్రియాలో టెస్టింగ్ జరుగుతుంటే ఇంజినీర్ జాన్ హార్స్‌మన్ కంట్లో ఒకటి పడింది. కారు ముందంతా చచ్చిన పురుగులు, తోక మీద మాత్రం దాదాపు ఏమీ లేవు. అంటే గాలి అక్కడ తగలడమే లేదు. అక్కడికక్కడే అల్యూమినియం రేకులు బిగించి తోకను పొట్టిగా, పైకి లేచేలా చేశారు. కారు కుదురుకుంది. 1970లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో పోర్షేకి మొట్టమొదటి గెలుపు తెచ్చింది ఈ పొట్టి తోకే. అందరికీ గుర్తుండేది స్పాన్సర్ గల్ఫ్ ఆయిల్ కంపెనీ వారి లేత నీలం, నారింజ. గెలిచిన కారు మాత్రం ఎరుపు, తెలుపు. నా దృష్టిలో పనికొచ్చిందే అందం.

వెండిబాణం: గాలివాటం గారూ, ఆ చివరి మాట ఒప్పుకోలేను. 1954 మెర్సిడెస్ డబ్ల్యూ196 చూడండి, చక్రాలు కూడా కప్పేసిన వెండి రంగు ఒళ్ళు. ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో తొలి రేసులోనే మొదటి రెండు స్థానాలు కొట్టేసింది. తర్వాత మలుపులు ఎక్కువున్న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో దాన్ని నడిపిన ఫాంజియోకి తన ముందు చక్రాలు కనబడక, మలుపుల్లో పెట్టిన నూనె పీపాలను గుద్దుకుంటూ నాలుగో స్థానంలో వచ్చాడు. దాంతో ఎక్కువ రేసులకు చక్రాలు బయటికి కనిపించే రూపమే వాడారు. సిల్వర్‌స్టోన్‌లో పనికిరాని ఆ మొదటి రూపమే నాకు అన్నిటికన్నా అందమైనది.

గాలివాటం: రీమ్స్ పొడవాటి దారుల కోసం చేసింది కదండీ, అక్కడ పనికొచ్చిందిగా! కానీ పీపాల సంగతి బాగా గుర్తు చేశారు.

పాతటైరు: ఒక మ్యూజియంలో జాగ్వార్ డీ-టైప్‌కి చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడ్డాను. డ్రైవర్ తల వెనక నుంచి లేచే ఆ నిలువు రెక్క, రేకుల మీద వరసగా రివెట్లు. ఆ కారు రూపం గీసిన మాల్కం సేయర్ విమానాల కంపెనీ నుంచి వచ్చినవాడని ఆ రివెట్లే చెప్తున్నాయి. 1955 నుంచి వరసగా మూడేళ్ళు లె మాన్స్ గెలిచింది. అరగంట కదల్లేకపోయాను. ఓటు మాత్రం ఇంకా పీ4కే.