కొత్త ఇళ్ల వల్ల అద్దె తగ్గిందో లేదో లెక్కల్లో తేల్చడం ఎలా?

ఎక్కువ ఇళ్లు కడితే అద్దెలు జనానికి అందుబాటులోకి వస్తాయా అని లెక్కలు చూస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను.

నా దగ్గర నగరాలవారీగా, ఏడాదివారీగా డేటా ఉంది: వెయ్యి మందికి ఎన్ని కొత్త ఇళ్లు పూర్తయ్యాయి, ఆదాయంలో అద్దె వాటా ఎంత. రెండూ పోలిస్తే ఎక్కువ కట్టిన చోటే అద్దె ఎక్కువ పెరిగినట్టు వస్తోంది. ఉద్యోగాలున్న ఊరికి జనం వస్తారు, అద్దె పెరుగుతుంది, అది చూసి బిల్డర్లు కడతారు. కాబట్టి ఈ ఫలితాన్ని నమ్మడమంటే గొడుగుల వల్లే వాన పడిందనడమే. కానీ దీన్నే చూపించి "కట్టినా లాభం లేదు" అనేవాళ్లున్నారు. ఆ మాట భారం చివరికి అద్దెకుండేవాళ్ల మీదే పడుతుంది. అందుకే నాకు ఇది సరిగ్గా తేలాలి.

జనాభా పెరుగుదల, సగటు ఆదాయం కలిపి చూశాను. నిర్మాణానికీ అద్దెకూ మధ్య రెండేళ్ల తేడా పెట్టాను. నగరం మొత్తం కాకుండా పేటలవారీగానూ చూశాను. ఫలితం మారలేదు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌ నగరంలో 2016లో నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతులకు నిర్మాణ నిబంధనలు సడలించారు. ముందు, తర్వాత అని పోల్చడానికి అక్కడ ఒక తేదీ ఉంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలోనైతే కొత్త ఇళ్లలోకి ఎవరు మారారు, వాళ్లు ఖాళీ చేసిన ఇళ్లలోకి ఎవరొచ్చారు అని రికార్డులతో వెతికారు. నా డేటాలో ఈ రెండూ లేవు.

ఇలాంటి మామూలు వార్షిక డేటాతోనే గిరాకీ ప్రభావాన్ని పక్కకు తీసి, కొత్త ఇళ్ల ప్రభావాన్ని మాత్రమే కొలవాలంటే ఏ పద్ధతి వాడాలి?